ప్రష్యా గార్డ్స్: ఒకటో డివిజనా, రెండోదా?

జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో రాజుగారి మేటి సైన్యం గార్డ్స్. అందులోని రెండు పెద్ద దళాల్లో (డివిజన్లలో) ఏది మెరుగు? హోదా ఒక్కటే చూస్తే ఒకటో గార్డ్స్ డివిజన్‌కు ఎదురులేదు.  పాట్స్‌డామ్‌లో రాజుగారి కళ్లెదుట ఉంటూ, రాజకుమారులు పదేళ్ల వయసులోనే లెఫ్టినెంట్లయ్యే ఒకటో ఫుట్ గార్డ్స్ రెజిమెంట్ దీనిదే. రెండో డివిజన్ బెర్లిన్‌ది. దాని గ్రెనెడియర్ రెజిమెంట్లకు రష్యా జార్ అలెగ్జాండర్, ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్, ప్రష్యా రాణులు ఎలిజబెత్, ఆగస్టాల పేర్లు.

1866 జులై 3న ఆస్ట్రియాతో జరిగిన కోనిగ్‌గ్రాట్స్ యుద్ధంలోనూ పేరు ఒకటో డివిజన్‌కే వచ్చింది. ఆస్ట్రియన్ల నడిమధ్య ఎత్తు మీదున్న ఖ్లుమ్ గ్రామాన్ని అది పట్టేసుకుంది. కమాండర్ హిల్లర్ అక్కడే చనిపోయాడు. తర్వాతి కాలంలో జర్మనీ అధ్యక్షుడైన హిండెన్‌బర్గ్ అప్పుడు ఇందులో కుర్ర లెఫ్టినెంట్.

అసలు పరీక్ష ఫ్రాన్స్‌తో యుద్ధంలో, 1870 ఆగస్టు 18న సెయింట్ ప్రివా గ్రామం దగ్గర. చెట్టూ పుట్టా లేని ఏటవాలు మీదుగా, దగ్గర దగ్గరగా నిలబడిన వరుసలతో పైకి ఎక్కమన్నారు. ఫ్రెంచివాళ్ల షాస్‌పో తుపాకీ 1,200 మీటర్ల దాకా కొడుతుంది, ప్రష్యన్ల డ్రైసె అందులో సగమే. ముందుగా ఫిరంగులతో ఆ ఊరిని దెబ్బతీయలేదు, తోడు రావాల్సిన మిత్రులు సాక్సన్లు ఇంకా రాలేదు. ఒకటో డివిజన్ కమాండర్ పాపె ఈ మాట చెప్పి చూశాడు. రెండు డివిజన్ల మీదా అధికారి అయిన కోర్ కమాండర్ ఆగస్ట్ రాకుమారుడు వినలేదు. గార్డ్స్‌లో దాదాపు 8,000 మంది చనిపోయారు, గాయపడ్డారు. రెండో డివిజన్ బ్రిగేడ్ ఒకటి కూడా ఆ ఏటవాలు మీదే నలిగింది కాబట్టి, ఈ తప్పును ఒకటో డివిజన్ నెత్తినే రుద్దడం అన్యాయం.

మరి తేడా ఎక్కడ? అక్టోబరు 30న, పారిస్ పక్కనున్న లె బుర్జే దగ్గర. ఈసారి రెండో డివిజన్ సైనికులు విడివిడిగా పరుచుకుని, కాస్త దూరం పరుగెత్తి, నేలకు అతుక్కుని, మళ్లీ లేచి ముందుకెళ్లారు. కమాండర్ బుడ్రిట్స్కీ ఎలిజబెత్ రెజిమెంట్ జెండా తనే పట్టుకుని ఊళ్లోకి దూసుకెళ్లాడు. ఇద్దరు రెజిమెంట్ కమాండర్లు చనిపోయినా ఊరు చేతికొచ్చింది. సెయింట్ ప్రివాతో పోలిస్తే ఇది చిన్న పోరే, ఒప్పుకుంటాను. కానీ రెండున్నర నెలల్లో పద్ధతి మార్చుకోగలిగిన సైన్యం నాకు ముఖ్యం. నా ఓటు రెండో డివిజన్‌కే.

మొదటి ప్రపంచయుద్ధంలో రెండింటినీ విడదీసి తూచడం కష్టం. 1915 మేలో రష్యన్ల మీద, గోర్లిట్సె దగ్గర రెండూ జర్మన్ సేనాని మాకెన్‌సెన్ కిందే పోరాడాయి. తెగువకే మార్కులైతే మాత్రం ఈ రెంటినీ పక్కన పెట్టి, 1914లో పుట్టిన మూడో గార్డ్స్‌కు వేస్తాను. ఆ నవంబరులో పోలండ్‌లోని లోడ్జ్ దగ్గర రష్యన్ల వలయంలో చిక్కుకుని, తన కమాండర్ లిట్స్‌మన్ వెనక రాత్రికి రాత్రే బ్జెజినీ ఊరి మీదుగా దారి చేసుకున్నది అదే.