సీప్లేన్ బేసా, రన్‌వేనా? 1942లో సోలమన్ దీవుల్లో ఏది మేలు?

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్, అమెరికా కొట్టుకున్న సోలమన్ దీవులనగానే గ్వాడల్‌కెనాల్ దీవి పేరు అందరూ ఎత్తుతారు గానీ, దానికి ఎదురుగా సముద్రంలో ఉన్న గవుటు, తనంబోగో అనే బుల్లి దీవుల్ని ఎవరూ పట్టించుకోరు. గవుటు మీద ఓ 45 మీటర్ల గుట్ట, రెండు దీవుల్నీ కలుపుతూ అర కిలోమీటరు కట్ట, అంతే. మొదట ఆస్ట్రేలియా వాళ్ళ కాటలీనాలు, అంటే నీళ్ళ మీద దిగే సీప్లేన్లు, ఇక్కడ దిగేవి, 1942 మేలో వాళ్ళు ఖాళీ చేయగానే జపాన్ వాళ్ళొచ్చి యోకోహామా ఎయిర్ గ్రూప్ అనే తమ సీప్లేన్ల దళాన్ని పెట్టారు, మళ్ళీ రెండు నెలలకే ఎదురుగా గ్వాడల్‌కెనాల్‌లో నేల మీద రన్‌వే మొదలెట్టారు.

ఖర్చు, టైమ్ చూస్తే సీప్లేన్ బేసే బెటర్, డౌటే లేదు. చెట్లు కొట్టక్కర్లేదు, నేల చదును చెయ్యక్కర్లేదు, అలల్లేని నీళ్ళుంటే చాలు. జపాన్ వాళ్ళ పెద్ద సీప్లేన్లు కవానిషి ఫ్లయింగ్ బోట్లకి నాలుగు ఇంజన్లు, గంటల తరబడి సముద్రం మీద తిరిగి శత్రువు ఓడలెక్కడున్నాయో చూసి రావచ్చు. వాతావరణం బాగుంటేనే లెండి. ఆగస్టు మొదటి వారంలో మబ్బులు, వాన పట్టి, అమెరికా నౌకాదళం అంత దగ్గరికొచ్చేసినా వీళ్ళ కంట పడలేదు.

అసలు తేడా అమెరికన్లు దాడికి దిగిన ఆగస్టు 7 తెల్లారి తెలిసింది. అమెరికా క్యారియర్ విమానాలు వచ్చేసరికి ఇక్కడి సీప్లేన్లు లంగరేసి నీళ్ళ మీదే ఉన్నాయి, దాదాపు అన్నీ ఉన్నచోటే తగలబడ్డాయి. ఫైటర్లు లేవా అంటే ఉన్నాయి, జీరో ఫైటర్‌కి చక్రాలు తీసేసి కింద పెద్ద ఫ్లోట్ బిగించినవి, ఆ ఫ్లోట్ వల్ల స్పీడు గంటకి సుమారు 100 కి.మీ. పడిపోయింది, ఇక ఏం పోరాడతాయి? అసలు జీరోలు రావాలంటే వెయ్యి కిలోమీటర్ల అవతల జపాన్ వాళ్ళ పెద్ద స్థావరం రబౌల్ నుంచి రావాలి. గవుటు మీద దిగిన అమెరికా మెరైన్ సైనికులు కూడా సీప్లేన్ ర్యాంపు దగ్గరే దిగాలనుకున్నారు, కానీ వాళ్ళ ఓడల గుళ్ళకే ఆ కాంక్రీటు పెళ్ళలుగా లేచిపోయి పడవలు పక్క జెట్టీకి తిప్పాల్సొచ్చింది, అక్కడ తూటాలకి ఎదురుగా దొరికిపోయారు.

గ్వాడల్‌కెనాల్ రన్‌వే కథ వేరు. జపాన్ వాళ్ళు వదిలేసిపోయిన రోడ్ రోలర్లు, లారీలతోనే అమెరికన్లు మిగతా పని పూర్తి చేసుకుంటే ఆగస్టు 20న మొదటి ఫైటర్లు దిగాయి. అక్టోబరు 13 రాత్రి రెండు జపాన్ యుద్ధనౌకలు దంచితే 90 విమానాల్లో 48 పోయాయి, అయినా గుంతలు పూడ్చి మళ్ళీ వాడారు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు రన్‌వేకే. వెతకడానికి సీప్లేన్ సరిపోతుంది, దీవిని నిలబెట్టుకోవడం దాని వల్ల కాదు. అయితే ఒకటి, సముద్రంలో కూలిన పైలట్ పక్కనే దిగి ఎత్తుకురావడం ఏ రన్‌వే విమానానికీ చేతకాదు, అందుకే అమెరికన్లు కూడా తర్వాత ఇక్కడే పక్కన హలావో అనే చోట కాటలీనాల బేస్ పెట్టుకున్నారు.