లాగిన్లన్నీ మా పేరునే పెట్టించిన ఎస్ఈవో ఏజెన్సీ: మా అనుభవం

కుట్టుమిషన్ల స్పేర్ పార్టులు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారం మాది. సూదులు, బాబిన్ కేసులు, బెల్టులు, మోటార్లు. కొనేవాళ్ళలో ఎక్కువమంది గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళే, కాబట్టి ఎస్ఈవో పని (గూగుల్‌లో వెతికినప్పుడు సైటు పైన కనిపించేలా చేసే పని) ఎవరి చేతిలో పెడుతున్నామన్నది మాకు బతుకుతెరువుకి సంబంధించిన విషయం. ఇప్పుడు మా పని చూస్తున్న ఏజెన్సీకి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. పేరు రాయడం లేదు. మీ వ్యాపారానికి మరొకరు సరిపోవచ్చు, వీళ్ళు పనిచేసిన పద్ధతి తెలిస్తే ఎవరినైనా బేరీజు వేసుకోవచ్చు.

కొటేషన్ కోసం మాట్లాడిన ఏజెన్సీల్లో చాలామంది ఫోన్‌లోనే మొదటి ర్యాంకు గ్యారంటీ అన్నారు. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. ఫలితం కనిపించడానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందని కూడా గూగులే చెబుతుంది. ఇప్పుడు మా పని చూస్తున్నవాళ్ళు మాత్రం ర్యాంకు మాట ఎత్తలేదు. ఏ సరుకు మీద మీకు లాభం ఎక్కువ, ఏది తరచూ వాపసు వస్తుంది, కస్టమర్లు ఫోన్ చేసి ఏమని అడుగుతారు అని అడిగారు. ఆ తర్వాత సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా కనిపిస్తోందో, ఎన్ని క్లిక్కులు వచ్చాయో చూపించే గూగుల్ టూల్) చూడటానికి మాత్రమే అనుమతి ఇమ్మన్నారు. అది చూశాకే ధర చెప్పారు.

అసలు పని నాకు బాగా నచ్చింది. మా పేజీల టైటిళ్ళు అప్పటిదాకా ‘మోటార్ బెల్ట్, నల్లది’ అన్నట్టు ఉండేవి. కొనేవాడు అలా వెతకడు, తన మిషన్ మోడల్ నంబరు కొట్టి పక్కన బెల్ట్ అని రాస్తాడు. మాకు వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లన్నీ వాళ్ళు కూర్చుని చదివి, జనం వాడే మాటల్ని ఏరి, ప్రతి పార్టు పేజీలో అది ఏయే మోడళ్ళకు సరిపోతుందో పట్టిక పెట్టించారు. ఫొటోల్లో పార్టు పక్కన స్కేలు పెట్టి తీయమన్నారు. సెర్చ్ సంగతి అటుంచితే, ‘ఇది నా మిషన్‌కి పడుతుందా’ అన్న ఫోన్లే బాగా తగ్గాయి. తయారీ ఆగిపోయిన పార్టుల పేజీలను మేము తీసేస్తూ ఉండేవాళ్ళం. అలా తీసేయకుండా, దాని బదులు వాడే పార్టు ఉంటే ఆ పేజీకి 301 రీడైరెక్ట్ (పాత అడ్రసు తెరిచినవాళ్ళను శాశ్వతంగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు) పెట్టారు. సైజు, రంగు ఫిల్టర్ల వల్ల ఒకే పేజీకి పుట్టుకొచ్చిన రకరకాల అడ్రసులకు కనానికల్ ట్యాగులు (వీటిలో అసలు పేజీ ఇదీ అని గూగుల్‌కి చెప్పే గుర్తులు) పెట్టి సర్దారు. చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా ఒక షీట్‌లో ఉంటుంది. అది మేము ఎప్పుడైనా తెరిచి చూసుకోవచ్చు.

లింకుల విషయంలో, అంటే వేరే సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకుల విషయంలో మాత్రం ముక్కుసూటిగా చెప్పారు: డబ్బిచ్చి లింకులు కొనం అని. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. 2011లో అమెరికాలోని జేసీ పెన్నీ అనే పెద్ద రిటైల్ సంస్థ వెబ్‌సైటుకు అలాంటి పెయిడ్ లింకులు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ ఆ సైటును ఫలితాల్లో కిందికి తోసేసింది. ఆ సంస్థ తమకు తెలియకుండా జరిగిందని చెప్పి ఏజెన్సీని తీసేసింది, అయినా పడిపోయింది ఆ సంస్థ సైటే. మాకు కొటేషన్ ఇచ్చిన మరో ఏజెన్సీ నెలనెలా కట్టలకొద్దీ వ్యాసాలు పెడతామంది. ర్యాంకుల కోసమే కుప్పలుగా పేజీలు తయారు చేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నియమాల్లో స్పష్టంగా చేర్చింది. వాళ్ళతో మాట ముందుకు సాగలేదు.

రిపోర్టుల గురించి తప్పకుండా చెప్పాలి. మా షాపు పేరు కొట్టి వచ్చినవాళ్ళనీ, సరుకు పేరు కొట్టి వచ్చినవాళ్ళనీ వేరుచేసి చూపిస్తారు. పేరు తెలిసి వచ్చినవాళ్ళు మా పాత కస్టమర్లు, ఆ క్లిక్కులను మా పనిలో లెక్కేయకండి అని వాళ్ళే ముందు చెప్పారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల డేటా ఉంటుంది కాబట్టి ఈ నెలను పోయిన నెలతో కాకుండా, పోయిన ఏడాది ఇదే నెలతో పోలుస్తారు. పెళ్ళిళ్ళ సీజన్ లాంటి హెచ్చుతగ్గుల్ని తమ గొప్పగా చూపించుకునే వీలు అక్కడ ఉండదు. ఒక కోర్ అప్‌డేట్ (గూగుల్ తన ర్యాంకింగ్ పద్ధతిలో చేసే పెద్ద మార్పు) సమయంలో మా పేజీలు కొన్ని దిగిపోతే, మేము గమనించకముందే ఫోన్ చేశారు. అప్‌డేట్ పూర్తయ్యాక మరో వారం ఆగి చూద్దాం, ఈలోపు కంగారుపడి ఏదీ మార్చొద్దన్నారు.

ఇక లాగిన్లు. డొమైన్, హోస్టింగ్, సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్ (సైటుకు వచ్చేవాళ్ళ లెక్క చూపించే టూల్), గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అన్నిటికీ ఓనర్‌గా మా ఈమెయిలే ఉండాలని పట్టుబట్టింది వాళ్ళే. అంతకుముందు పనిచేసిన ఏజెన్సీ అనలిటిక్స్‌ని తమ అకౌంట్‌లో తెరిచింది. విడిపోయేటప్పుడు ఆ డేటా మాకు దక్కలేదు. ఏళ్ళ తరబడి వచ్చిన కస్టమర్ల లెక్క అలా పోవడం చాలా బాధ. మీరు ఎవరితో ఒప్పందం చేసుకున్నా, సంతకం పెట్టకముందే ఇది రాతలో ఉండేలా చూసుకోండి.

ఒక స్టార్ తగ్గించింది వ్యాసాల వల్ల. వాళ్ళ రచయితలకు మా సరుకు తెలియదు. ఇంటి మిషన్లలో వాడే హెచ్ఏఎక్స్1 సూదికి, బిగించే పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది. ఫ్యాక్టరీ మిషన్లకు వాడే డీబీఎక్స్1 సూదికి అది గుండ్రంగా ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చని వ్యాసంలో రాసేశారు. అది చదివి ఎవరైనా సూదులు కొనుంటే మాకు వాపసులు, వాళ్ళకు చిరాకు. ప్రచురించకముందే పట్టుకున్నాం, చెప్పగానే తీసేశారు కూడా. ఈమెయిల్‌కి జవాబు కూడా ఒక్కోసారి ఆలస్యమవుతుంది, సైటు ఆగిపోతే తప్ప వెంటనే కదలరు.

ఒప్పందాన్ని పొడిగించాం. సాంకేతిక పని, రిపోర్టులు వాళ్ళవే. వ్యాసాలు మాత్రం మా రిపేర్ మెకానిక్ చెబుతుంటే మేమే రాసుకుంటున్నాం, వాళ్ళు టైటిల్, హెడ్డింగులు సరిచూస్తారు. ఆ మేరకు నెల బిల్లు తగ్గించమని అడిగితే పేచీ పెట్టకుండా తగ్గించారు.