కుక్కకి ర్యాంపు కొంటున్నారా? పేజీలో రాసిన ఆ ‘20 డిగ్రీలు’ మీ కారుకి కాదు, చూసుకోండి

ఆన్‌లైన్‌లో కుక్కల ర్యాంపు ఆర్డర్ పెట్టబోతున్నవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఆగండి. నేను 6,499 రూపాయలు పోసి కొన్న ర్యాంపు మా జానీని కారెక్కించలేదు సరికదా, వాడి వెనక కాలు బెణికించి, డాక్టర్ దగ్గర ఇంకో మూడున్నర వేలు వదిలించింది. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు. అదే ఫొటో, అవే కొలతలు పెట్టి నాలుగైదు పేర్ల మీద అదే సరుకు అమ్ముతున్నారు.

జానీ లాబ్రడార్. పదో ఏడు నడుస్తోంది, బరువు 36 కేజీలు. రెండేళ్ళ కిందట కుంటుతున్నాడని ఎక్స్‌రే తీయిస్తే తుంటి కీళ్ళు అరిగిపోతున్నాయన్నారు. లాబ్రడార్లకి, జర్మన్ షెపర్డ్‌లకి ఇది మామూలేనట. మేం ఉండేది బోడుప్పల్‌లో. నెలకోసారి జనగామ అవతల ఉన్న ఊరికి వెళ్తాం, జానీ లేకుండా మా అమ్మ మమ్మల్ని గడప తొక్కనివ్వదు. ఇన్నాళ్ళూ వాణ్ణి నేనే రెండు చేతులా ఎత్తి డిక్కీలో పెట్టేవాణ్ణి. సంక్రాంతికి అలాగే ఎత్తబోతే నా నడుం పట్టేసింది. “ఇక మీ ఇద్దరినీ ఒకే డాక్టర్‌కి చూపిస్తా” అంది మా ఆవిడ. ఆ రాత్రే ర్యాంపుల వేట మొదలుపెట్టాను.

నాకు దొరికిన పేజీలో పెద్దక్షరాలతో ‘సౌకర్యమైన 20 డిగ్రీల వాలు, పెద్ద వయసు కుక్కలకి ప్రత్యేకం’ అని ఉంది. పక్కనే బంగారు రంగు కుక్క ఒకటి నవ్వుతూ కారెక్కుతున్న ఫొటో. 70 కేజీల బరువు ఆపుతుందట. రేటింగ్ 4.4. ఇంకేం చూస్తాం? నేనూ చూడలేదు. పొడవు 122 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగులు అని కింద ఎక్కడో ఉంది. నాలుగడుగులంటే చాలా పొడవే కదా అనుకున్నాను. మడిస్తే రెండడుగులే అవుతుంది, డిక్కీలో పక్కకి పెట్టేయొచ్చని సంతోషపడ్డాను కూడా.

డబ్బా వచ్చిన రోజు సాయంత్రం గేటు ముందు కారు వెనక్కి పెట్టి, డిక్కీ తెరిచి, ర్యాంపు వేశాను. వేయగానే తేడాగా అనిపించింది. ర్యాంపులా లేదు, గోడకి ఆనించిన నిచ్చెనలా ఉంది. అక్కడే ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఉడికించిన చికెన్ ముక్క డిక్కీ లోపల పెట్టి “ఎక్కరా నాన్నా” అన్నాను. వాడు పైకి చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ పైకి చూశాడు. ముందరి కాళ్ళు రెండూ వేశాడు. మూడో అడుగుకి పలక మధ్యలో కిందికి వంగింది. వాడు ఉలిక్కిపడి గోళ్ళు దించాడు. గర్‌ర్‌మని గీసుకున్న చప్పుడు. వెనక కాళ్ళు తోసే బలం లేక పొట్ట పలకకి ఆనించి అలాగే జారుకుంటూ వచ్చేశాడు. నేను పట్టుకునేలోపే ర్యాంపు పై కొస బంపర్ మీంచి ఊడి పక్కకి పడింది. కుడి వెనక కాలు దాని కింద మెలికపడింది. కుయ్యిమని ఒక్కసారే అరిచాడు. ఆ తర్వాత చికెన్ ముక్క తెచ్చి నోటి దగ్గర పెట్టినా ముట్టుకోలేదు. లాబ్రడార్ తిండి వద్దన్నాడంటే పరిస్థితి ఏంటో కుక్కలున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఎముక విరగలేదు, కండరం పట్టేసింది, ఒక గోరు మొదట్లో చీలింది. పది రోజులు మెట్లు, పరుగులు బంద్. (ఆ రాత్రి పక్కింటాయన పాపం మంచి మనసుతోనే మనుషుల నొప్పి మాత్ర సగం వేయమన్నాడు. వేయకండి. ఇబుప్రోఫెన్ లాంటివి కుక్కల కడుపుని, కిడ్నీలని దెబ్బతీస్తాయి.) డాక్టర్ గారు చీటీ రాస్తూ “వాలు ఎంత పెట్టారు సార్?” అని అడిగారు. 20 డిగ్రీలన్నాను. “కొలిచారా?” అన్నారు.

ఇంటికొచ్చి కొలిచాను. నేల నుంచి డిక్కీ అంచుదాకా 74 సెంటీమీటర్లు. ర్యాంపు మళ్ళీ ఆనించి దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్ తెరిస్తే 39 డిగ్రీలు చూపించింది. మా మేడ మెట్లు ఎంతున్నాయో చూద్దామని అక్కడా కొలిచాను. మెట్టు ఎత్తు ఏడంగుళాలు, వెడల్పు పది. లెక్కేస్తే 35 డిగ్రీలు. అంటే మెట్లెక్కొద్దని డాక్టర్ చెప్పిన కుక్కని, మెట్ల కంటే నిటారుగా ఉన్న నున్నటి పలక ఎక్కమన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి 20 డిగ్రీలు ఎక్కడినుంచి వచ్చాయి? ఇదే అందరూ చూసుకోవాల్సిన సంగతి. పేజీలో ఏడో ఫొటో పెద్దది చేసి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో ‘40 సెంటీమీటర్ల ఎత్తుకి’ అని ఉంది. 122 సెంటీమీటర్ల పలకని 40 సెంటీమీటర్ల సోఫాకి ఆనిస్తే 19 డిగ్రీలు వస్తుంది, అబద్ధం కాదు. కానీ ఫొటోలో ఉన్నది కారు, రాసిన డిగ్రీలు సోఫావి. అసలు ర్యాంపుకి దాని సొంత వాలు అంటూ ఏమీ ఉండదు. ఎంత ఎత్తుకి ఆనిస్తే అంత వాలు. ఎత్తు చెప్పకుండా డిగ్రీలు మాత్రమే రాశారంటే ఏమీ చెప్పనట్టే లెక్క.

‘ఎత్తు సర్దుబాటు చేసుకోవచ్చు’ అని అమ్మేవాటిలోనూ ఇదే మెలిక. గాడి మార్చి ఎత్తు పెంచుతారు గానీ పలక పొడవు పెరగదు కదా. ఒక్కో గాడి పైకెళ్ళేకొద్దీ నిటారు అవుతుంది. వాళ్ళు ప్రకటనలో రాసే డిగ్రీలు ఏ గాడివో మీరే అడగండి. నేను చూసిన పేజీల్లో అట్టడుగు గాడివే రాశారు.

లెక్క చాలా తేలిక, త్రికోణమితి గుర్తులేకపోయినా పర్లేదు. పలక పొడవు ఎత్తుకి రెండింతలుంటే వాలు 30 డిగ్రీలు. రెండున్నర ఇంతలుంటే దాదాపు 24. మూడింతలుంటే 20 లోపు. ముసలి కుక్కకి, కీళ్ళ నొప్పులున్నదానికి, డాక్స్‌హండ్ లాంటి పొట్టి కాళ్ళదానికి మూడింతలకి తగ్గొద్దు. వయసులో ఉండి ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క కారెక్కడానికి రెండున్నర ఇంతలతో సర్దుకోవచ్చు. అంతకంటే తక్కువైతే వద్దు, నా మాట వినండి. 45 సెంటీమీటర్ల సోఫాకైతే 135 కావాలి. పరుపుతో కలిపి 60 ఉండే మంచానికి 180. నా కారుకి 222, అంటే ఏడడుగుల పైమాట! నేను కొన్నది నాలుగడుగులు. పైగా పలక పై కొస కనీసం ఐదు సెంటీమీటర్లు డిక్కీ లోపలికి ఎక్కి కూర్చోవాలి, ఆ మేరకి అసలు పొడవు ఇంకా తగ్గుతుంది. కంపెనీవాళ్ళ లెక్కలో అది ఎక్కడా ఉండదు.

(వీల్‌చెయిర్ లెక్క అడుగుతారేమో. అది ఒకడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. ఆ లెక్కన నా కారుకి 29 అడుగుల ర్యాంపు కావాలి, మా వీధి మొత్తం మూసేయాలి. కుక్కకి అంత అవసరం లేదు.)

కొనేముందు ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. నాకు ఈ బుద్ధి ముందే పుట్టుంటే పదివేలు మిగిలేవి. బూజుకర్రో, పాత కర్టెన్ రాడ్డో తీసుకుని, పేజీలో రాసిన పొడవు దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గుర్తు డిక్కీ అంచుకి ఐదు సెంటీమీటర్లు లోపలికి వచ్చేలా ఆనించి, ఫోన్ దాని మీద పెట్టి కొలవండి. అంతే. కొలిచేటప్పుడు కారు ఎప్పుడూ ఆపే చోటే ఆపండి. మన ఇళ్ళ గేట్ల ముందు రోడ్డు వైపుకి వాలు పోసి ఉంటుంది. డిక్కీ రోడ్డు వైపుంటే ర్యాంపు కింది కొస ఇంకా పల్లంలో పడుతుంది. నా ర్యాంపు జారడానికి అదీ ఒక కారణం. కారు తిప్పి పెట్టి, కింది కొసని అరుగు మీదో ఫుట్‌పాత్ మీదో ఆనిస్తే కథే మారిపోతుంది. మా అరుగు 20 సెంటీమీటర్ల ఎత్తు. 74 కాస్తా 54 అయింది. ఏడడుగుల పలక అవసరం కాస్తా ఐదున్నర అడుగులకి దిగింది. పైసా ఖర్చు లేదు.

కాలు చూపించడానికి రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టర్ గారు ఇంకో మాట చెప్పారు, ఏ ప్రకటనలోనూ కనబడనిది. కుక్క నిలబడితే దాని బరువులో 60 శాతం దాకా ముందరి కాళ్ళ మీదే ఉంటుంది. ఎక్కేటప్పుడు ఆ బరువు వెనక్కి జరుగుతుంది, దిగేటప్పుడు ముందరి కాళ్ళ మీద ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి జానీలా తుంటి అరిగినవాడికి ఎక్కడం కష్టం. భుజం, మోచేయి బాగాలేనిదానికి దిగడం కష్టం. మీ కుక్కకి ఏ కాలు బలహీనమో తెలుసుకుని ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ చూడండి. దిగేటప్పుడు సగంలోంచి దూకేస్తోందంటే అది హుషారు కాదు, వాలు ఎక్కువై ఆపుకోలేక దూకడం.

‘70 కేజీలు ఆపుతుంది’ అన్న మాట కూడా నిజమే, విరగలేదు మరి. కానీ విరగకపోవడం వేరు, ఊగకపోవడం వేరు. 36 కేజీలకే మధ్యలో వంగితే కుక్కకి కాళ్ళ కింద నేల కదిలినట్టే. మీరు అరచేత్తో మధ్యలో గట్టిగా నొక్కి చూడండి, కిందికి పోతే తిరిగి పంపేయండి. పైన అతికించిన గరుకు కాగితం నా దానిలో వారానికే అంచుల్లో లేచింది. ఇక అల్యూమినియం ర్యాంపులు తేలికే గానీ, మే నెలలో మన ఎండకి పెనమే.

రివ్యూల సంగతి. ఆ 4.4లో చిన్నది, పెద్దది, మంచానిది, కారుది, అన్ని సైజుల రివ్యూలూ కలిపేశారు. ‘మా పగ్ చక్కగా ఎక్కుతోంది’ అని రాసినవాళ్ళు సోఫాకి వేసుకున్నారు. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళలో ఇద్దరు కారు ఫొటోలు పెట్టి మరీ నా గోడే చెప్పుకున్నారు. నేను వాటి దాకా స్క్రోల్ చేయలేదు, నాదే తప్పు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ముందు “మీ కారే ఎత్తు ఎక్కువ సార్” అన్నాడు. మళ్ళీ చేస్తే గోళ్ళ గీతలున్నాయి కాబట్టి వాడిన వస్తువట, వెనక్కి తీసుకోరట. కుక్కల ర్యాంపు మీద కుక్క గోళ్ళ గీతలు పడకపోతే ఇంకేం పడతాయి? మూడోసారికి 500 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. దానితో ఇంకో ర్యాంపు కొనుక్కోవాలి కాబోలు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాడు వెనక్కి తీసుకోను అనడానికి లేదు. ఆ ముక్క రాసి, కారు ఫొటో, 39 చూపిస్తున్న ఫోన్ ఫొటో, పేజీ స్క్రీన్‌షాట్లు అన్నీ జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. ఇంకా తేలలేదు. స్క్రీన్‌షాట్లు మాత్రం ఆర్డర్ పెట్టేముందే తీసి పెట్టుకోండి. నేను గొడవ మొదలుపెట్టిన నాలుగో రోజుకి ఆ ఏడో ఫొటో పేజీలోంచి మాయమైంది.

ఇప్పుడు మా వీధి చివర కార్పెంటర్ చేసిచ్చిన పలక వాడుతున్నాం. 18 ఎంఎం ప్లైవుడ్, ఏడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మధ్యలో మడత బందులు, కింద అడ్డంగా నాలుగు చెక్కలు, రెండు పక్కలా రెండంగుళాల అంచు, పైన రబ్బరు మ్యాట్. పై కొసకి కట్టిన తాడు డిక్కీ కొక్కేనికి బిగుస్తుంది, ఇక ఊడే ప్రసక్తి లేదు. అరుగు మీంచి వేస్తే 15 డిగ్రీలు, ఊళ్ళో అమ్మ వాకిట్లో నేల మీంచి వేస్తే 21. బరువు మాత్రం చచ్చేంత ఉంది, మా ఆవిడ ఒక్కతే ఎత్తలేదు. అదొక లోటు, దాచను.

జానీ దాన్ని చూడగానే ఎక్కేయలేదు. మొదటి వారం పలకని హాల్లో నేల మీద పరిచి ఉంచాం, దాని మీదే అన్నం పెట్టాం. రెండో వారం ఒక కొస కింద ఇటుక, తర్వాత రెండు ఇటుకలు. మూడో వారానికి అరుగు నుంచి కారులోకి వెళ్ళాడు, సగంలో ఒకసారి ఆగి, మధ్యలో పలక వంగుతుందేమోనని ముందరి కాలితో తట్టి చూసుకుని. ఇప్పటికీ ప్రతిసారీ అక్కడ ఆగి తట్టి చూస్తాడు. మేం తొందరపెట్టం.

కొన్న ర్యాంపు మేడ మెట్ల కింద పడుంది. ఫిర్యాదు తేలాక కంపెనీ తీసుకెళ్ళకపోతే, పొట్టి సోఫా, చిన్న కుక్క ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి ఊరికే పట్టుకెళ్ళొచ్చు. గీతలు మాత్రం ఉంటాయి.