అమ్మ చేతి డీఎన్ఆర్ కడియం: రెండేళ్లకు పైగా వాడాక

డీఎన్ఆర్ అంటే గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నాలు చేయొద్దనే ఆదేశం. పెద్దవాళ్లు పగలంతా ఇద్దరే ఇంట్లో ఉండే కుటుంబాలకు, ఆ మాట చెప్పే ఈ స్టీలు కడియం విలువ తెలియాలనే ఇది రాస్తున్నాను.

మేం అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్ పక్కన ఉంటాం. అమ్మ గుండె బాగా బలహీనపడింది. గుండె ఆగితే ఛాతీ నొక్కడాలు, షాకులు, గొంతులో గొట్టం తనకు వద్దని డాక్టర్ ముందు తనే చెప్పింది. టెక్సస్‌లో ఈ కోరికకు సాక్షులు, డాక్టర్ సంతకాలు ఉండే ఒక ఫారం ఉంది. సంతకాలైన ఫారం కాపీ పంపితేనే మాకు కడియం ఇచ్చారు. అది చేతికి ఉంటే అంబులెన్సు వాళ్లు ఫారం వెతుక్కోనక్కర్లేదు, చట్టం రెండింటినీ ఒకేలా చూస్తుంది.

మెడలో వేసుకునే గొలుసూ దొరుకుతుంది. మేం కావాలనే కడియం తీసుకున్నాం. అమ్మ మెడలో పుస్తెలతాడు, నల్లపూసలు ఉన్నాయి, వాటి మధ్య ఇంకో బిళ్ల ఎవరికి కనిపిస్తుంది? నాడి చూడాలంటే ఎవరైనా ముందు పట్టుకునేది మణికట్టే. కడియం బిళ్ల మీది అక్షరాలు చెక్కినవి కాబట్టి గిన్నెల సబ్బుకు అరగలేదు. గాట్లలో పసుపు చేరి ఇంకా బాగా కనిపిస్తున్నాయి. కొక్కెం మాత్రం గట్టిది, అమ్మ తనంతట తాను పెట్టుకోలేదు.

పోయిన చలికాలం ఒక సాయంత్రం అమ్మకు ఊపిరి అందలేదు. నేను ఆఫీసులో ఉన్నాను. నాన్న అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయగలిగారు గానీ, అంబులెన్సు వాళ్లు లోపలికి వచ్చేసరికి టెన్షన్‌లో వచ్చిన ఇంగ్లీషు కూడా నోట రాలేదు. ఫారం ఫ్రిజ్ మీదే అంటించి ఉంది, ఆ మాట కూడా చెప్పలేకపోయారు. అమ్మే గాజులు వెనక్కి తోసి చెయ్యి చాపింది. వాళ్లలో పారామెడిక్ అమ్మాయి కడియం బిళ్ల తిప్పి చదివి, అమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇప్పటికీ ఇదే మీ కోరికా అని మెల్లగా అడిగిందట. ఆ మాత్రం ఇంగ్లీషు అమ్మకు అర్థమవుతుంది, తలూపింది. వెంటనే ఆక్సిజన్ పెట్టారు, సూది గుచ్చి మందు ఎక్కించారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు. కడియం చూసి వైద్యం తగ్గిస్తారేమోనన్నదే మొదటినుంచీ నా భయం. తగ్గించలేదు. అడగాల్సిన మనిషినే అడిగారు. అమ్మకు దక్కిన ఆ గౌరవం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

అలాగని కడియం ఒక్కటే చాలని అనను. ఎమర్జెన్సీలో ఒకాయన దాన్ని చూసి, ఇది పెట్టుకుని ఆసుపత్రికి ఎందుకొచ్చారని నాన్నను అడిగాడు. ఆ మాటకు నాకు ఇంకా మంటగానే ఉంది. గుండె ఆగినప్పుడు ఏం చేయకూడదో చెప్పే వస్తువది. ఆయాసానికి మందు ఇవ్వొద్దని అందులో ఎక్కడుంది? వార్డుకు మార్చాక అక్కడి డాక్టర్ మళ్లీ విడిగా ఆర్డర్ రాయాల్సి వచ్చింది. న్యుమోనియా వస్తే ఎంతవరకు పోరాడాలి, డయాలసిస్ కావాలా లాంటివి బిళ్ల మీద పట్టవు. వాటికి, అమ్మ చెప్పలేని స్థితిలో ఉంటే ఆమె తరఫున వైద్య నిర్ణయాలు తీసుకునే అధికారం ఇచ్చే మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ నా పేరున రాయించుకున్నాం.

అమ్మ విజయవాడ వెళ్లాలంటోంది. అక్కడ ఈ కడియాన్ని నమ్ముకోలేం. సుప్రీంకోర్టు 2018లో లివింగ్ విల్‌కు, అంటే చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసుకునే కాగితానికి, గుర్తింపు ఇచ్చింది. 2023లో పద్ధతి సులువు చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చాలంది. అయినా వైద్యం ఆపాలంటే రెండు మెడికల్ బోర్డులు, అంటే డాక్టర్ల బృందాలు, చూడాలి. ఇంటికొచ్చిన అంబులెన్సుకు చెయ్యి చూపిస్తే అయిపోయే పని కాదది. ప్రయాణానికి ముందే ఆ కాగితం వేరుగా రాయించాలనుకుంటున్నాం.

మాకు ఇది కుదిరిందంటే నిర్ణయం పూర్తిగా అమ్మది కాబట్టి. తను మనసు మార్చుకుని ఈ డీఎన్ఆర్ ఇక వద్దని నోటితో అంటే చాలు, రద్దవుతుంది. పిల్లల మాట కాదనలేక ఒప్పుకునే పెద్దవాళ్లయితే కడియం ఆర్డర్ చేయకండి, ముందు వాళ్లతో డాక్టర్‌ను ఒంటరిగా మాట్లాడనివ్వండి. టెక్సస్ కాకుండా వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి ఫారాలూ, ఒప్పుకునే కడియాలూ వేరు. కొనే ముందు అవి కనుక్కోండి.