‘టీమ్ అవసరం’ మీట ఎటు జరపాలి? ఓ మాక్ డ్రాఫ్ట్ సిమ్యులేటర్‌పై కింగ్స్ అభిమాని రివ్యూ

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గర పడేకొద్దీ, ఆ ఎంపికను మనమే ఆడి చూసుకునే మాక్ డ్రాఫ్ట్ సిమ్యులేటర్లకు గిరాకీ పెరుగుతుంది. నేను చందా కట్టి వాడుతున్నది వాటిలో ఒకటి. ఇందులో నాకు కనిపించిన పెద్ద లోపం ఈ తరహా సైట్లు చాలావాటిలో ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. దీనికున్న ప్రత్యేకత ‘టీమ్ అవసరం’ అనే మీట. ఎడమ చివరకు జరిపితే, ఇంకా మిగిలినవాళ్లలో అందరికంటే మంచి ఆటగాణ్ణి ఇస్తుంది. కుడి చివరకు జరిపితే, మన టీమ్‌లో ఏ పొజిషన్ ఖాళీగా ఉందో చూసి అక్కడికి సరిపోయేవాణ్ణి ఇస్తుంది. నేను శాక్రమెంటో కింగ్స్ అభిమానిని. ఆ మీట ఎటుండాలన్న ప్రశ్న మా టీమ్ తలరాతనే మార్చేసింది. అందుకే మిగతా హంగులకంటే దీన్నే ఎక్కువగా పరీక్షించాను.

ముందు బాగున్నవి. పేజీలు చకచకా తెరుచుకుంటాయి. ముందుగా ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీ లెక్క సరిగ్గా ఉంది: 2019లో వచ్చిన మార్పు ప్రకారం మొదటి పిక్‌కు (ఎంచుకునే వంతుకు) అట్టడుగు మూడు టీములకూ తలా 14 శాతం అవకాశం ఇస్తుంది, అప్పుడప్పుడూ నమ్మలేని ఫలితమూ వస్తుంది. 2025లో డల్లాస్ 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ కొట్టి కూపర్ ఫ్లాగ్‌ను తీసుకెళ్లింది కదా, అలాంటివన్నమాట. వరసగా రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు వదిలేసుకునే ట్రేడ్ (టీముల మధ్య మార్పిడి) చేయబోతే ఒప్పుకోదు. ఈ రూల్ పట్టించుకోని సైట్లు చూశాను.

అసలు విషయం పాత డ్రాఫ్ట్‌ల విభాగంలో ఉంది. ఏదో ఒక ఏడాది, ఒక టీమ్ ఎంచుకుని మళ్లీ ఆడొచ్చు. నేను నేరుగా 2018కి, మా రెండో పిక్ దగ్గరికి వెళ్లాను. మీట కుడి చివరకు పెట్టగానే మార్విన్ బాగ్లీ అనే పొడుగాటి ఫార్వర్డ్ పేరు వచ్చింది. ఎందుకని నొక్కితే కారణం కూడా చూపించింది: 2017లో తీసుకున్న డియారన్ ఫాక్స్ ఉన్నాడు కాబట్టి ‘పాయింట్ గార్డ్ (బంతి నడిపేవాడు) అవసరం: తక్కువ’ అట. ఎడమకు జరిపితే లూకా డాంచిచ్ అనే పాయింట్ గార్డ్. అప్పటికే అతను రియల్ మాడ్రిడ్‌తో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ గెలిచి, 19 ఏళ్లకే ఆ లీగ్‌లో మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అయ్యాడు. కింగ్స్ బాగ్లీనే తీసుకుంది. డాంచిచ్‌ను మూడో పిక్‌తో అట్లాంటా తీసుకుని, ట్రే యంగ్ కోసం, ఇంకో మొదటి రౌండ్ పిక్ కోసం డల్లాస్‌కు ఇచ్చేసింది. అదే రాత్రి డల్లాస్ 33వ పిక్‌తో జేలెన్ బ్రన్సన్ అనే మరో పాయింట్ గార్డ్‌ను తీసుకుంది. ఇద్దరినీ పక్కపక్కనే ఆడించింది కూడా. డల్లాస్‌కు కనబడింది ఈ మీటకు ఎందుకు కనబడదు? అది పొజిషన్ పేరు చూసి లెక్క కట్టేస్తుంది, మనిషిని చూడదు. డాంచిచ్‌కున్న ఎత్తుకూ, ఒంటికీ అతను వింగ్‌లో (కోర్టు పక్కవైపు) నిలబడి కూడా ఆట నడపగలడు. ఫాక్స్ పక్కన చోటు లేదని ఎలా అంటారు!

2009 కూడా ఆడి చూడండి. మినిసోటా ఐదో పిక్‌తో రికీ రుబియోను, ఆరో పిక్‌తో జానీ ఫ్లిన్‌ను తీసుకుంది. ఇద్దరూ పాయింట్ గార్డులే. ఏడో పిక్ గోల్డెన్ స్టేట్‌ది. అక్కడ అప్పటికే మోంటా ఎల్లిస్ అనే గార్డ్ ఉన్నాడు కాబట్టి మీట కుడివైపు ఉంటే మరో గార్డ్ స్టెఫెన్ కరీ పేరు రానే రాదు. నిజంలో వాళ్లు కరీని తీసుకున్నారు, 2012లో ఎల్లిస్‌ను మిల్వాకీకి పంపి ఆండ్రూ బోగట్ అనే సెంటర్‌ను (రింగ్ దగ్గర ఆడే పొడుగువాణ్ణి) తెచ్చుకున్నారు. మంచివాళ్లు ఒకే చోట ఇద్దరుంటే ఒకరిని ఇచ్చి లేని చోటు పూడ్చుకోవచ్చు. 2014లో డెన్వర్ కథా ఇదే. 16వ పిక్ దగ్గర యూసుఫ్ నుర్కిచ్ దక్కాడు, 41 దగ్గర నికోలా యోకిచ్‌ను తీసుకున్నారు. ఇద్దరూ సెంటర్లే. ఈ సిమ్యులేటర్‌లో నుర్కిచ్‌ను తీసుకున్న క్షణమే సెంటర్ అవసరం సున్నాకు పడిపోతుంది, యోకిచ్ జాబితా అడుగుకు జారిపోతాడు. 2017లో డెన్వర్ నుర్కిచ్‌ను పోర్ట్‌లాండ్‌కు పంపింది. 2023లో యోకిచ్‌తో చాంపియన్ అయింది.

అలాగని మీటను ఎప్పుడూ ఎడమ చివరే ఉంచమనను. ఫిలడెల్ఫియా 2013లో నెర్లెన్స్ నోయెల్, 2014లో జోయెల్ ఎంబీడ్, 2015లో జలీల్ ఒకాఫోర్ అంటూ మూడేళ్లు వరసగా రింగ్ కిందే ఆడే పొడుగువాళ్లను పోగేసింది. వాళ్లలో నిలిచింది ఎంబీడ్ ఒక్కడే. మిగతా ఇద్దరినీ పంపించేసినప్పుడు చేతికొచ్చింది చాలా తక్కువ.

అవసరం చూసి తీసుకోవడం అంటే ఎలా ఉండాలో తెలియాలంటే 2011లో శాన్ ఆంటోనియోను చూడాలి. టోనీ పార్కర్ వెనక బెంచి మీద నుంచి వచ్చి బాగా ఆడుతున్న జార్జ్ హిల్‌ను ఇండియానాకు ఇచ్చి, 15వ పిక్‌లో వచ్చిన కవాయ్ లెనర్డ్‌ను తెచ్చుకున్నారు. ఎదుటి టీమ్‌లోని మేటి వింగ్ ఆటగాణ్ణి అడ్డుకునే మనిషి వాళ్లకు కావాలి. సిమ్యులేటర్‌లో కొలతల పేజీ తెరిస్తే లెనర్డ్ పక్కన చేతులు చాచిన కొలత 7 అడుగుల 3 అంగుళాలని ఉంటుంది. ఆ కొలతను చేయాల్సిన పనితో కలిపి చూస్తే ఎంపిక ఇట్టే అర్థమవుతుంది. 2014 ఫైనల్స్‌లో మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అతనే. కానీ ఈ సైట్‌లో ‘పని’ అనే కాలమ్ లేనే లేదు. బంతి ఎవరు నడపాలి, రింగ్ దగ్గర ఎవరు కాపలా కాయాలి, వింగ్‌లను ఎవరు ఆపాలి, పాస్ అందుకోగానే మూడు పాయింట్ల షాట్ ఎవరు వేయాలి అని అడగాల్సిన చోట ఐదు పొజిషన్లకు ఐదు గళ్లు గీసి ఏ గడి ఖాళీగా ఉందని అడుగుతుంది.

డబ్బు పెట్టినందుకు నాకు నిజంగా పనికొచ్చింది కాంట్రాక్ట్ ఏళ్ల పట్టిక. ఉచిత వెర్షన్‌లో ఇది రాదు. మొదటి రౌండ్‌లో వచ్చిన కుర్రాడికి రెండేళ్ల జీతం ఖాయం, తర్వాతి రెండేళ్లు ఉంచుకోవాలా వద్దా అన్నది టీమ్ ఇష్టం. అంటే నాలుగేళ్ల వ్యవహారం. ఆ నాలుగేళ్లలో ఇప్పుడున్నవాళ్లలో ఎవరుంటారో ఈ పట్టిక రంగుల్లో చూపిస్తుంది. ఈ అక్టోబర్‌లో సీజన్ మొదలయ్యేటప్పుడు కనబడే ఖాళీ మూడో ఏడాదికి ఉండకపోవచ్చు. 2025లో శాన్ ఆంటోనియో దగ్గర మా దగ్గర్నుంచి వెళ్లిన ఫాక్స్ ఉన్నాడు, రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు) స్టీఫాన్ కాసిల్ ఉన్నాడు. అయినా రెండో పిక్‌తో డిలన్ హార్పర్ అనే ఇంకో గార్డ్‌నే తీసుకున్నారు. మీట కుడివైపు పెడితే వచ్చే పేరు వేరు. పట్టిక తెరిచి చూస్తే హార్పర్ పేరులో ఆశ్చర్యపోయేదేమీ లేదు.

మా టీమ్ కూడా ఒకసారి అలాగే చేసింది. 2020లో ఫాక్స్ ఉండగానే 12వ పిక్‌తో టైరీస్ హాలిబర్టన్‌ను తీసుకుంది. 2022 ఫిబ్రవరిలో అతన్ని ఇండియానాకు ఇచ్చి డొమాంటస్ సబోనిస్‌ను తెచ్చుకుంది. సీజన్ చివరి ప్లేఆఫ్ పోటీలకు చేరలేని 16 ఏళ్ల కరువు 2023లో తీరింది. గెలిచిన ప్రతి రాత్రీ స్టేడియం మీద ఊదారంగు వెలుగు ఆకాశంలోకి లేస్తుంటే నాకు ఆనందం పట్టలేదు. హాలిబర్టన్ 2025లో ఇండియానాను ఫైనల్స్ దాకా తీసుకెళ్లినప్పుడు కడుపు తరుక్కుపోయింది. ఈ రెండూ నిజమే. అంత పెద్ద ట్రేడ్ చేయగలిగామంటే ఆ రోజు గార్డ్ అవసరం లేదని వదిలేయకుండా అతన్ని తీసుకోబట్టే.

చివర్లో ఇచ్చే గ్రేడ్‌ను మాత్రం అస్సలు పట్టించుకోకండి. ఎన్ని ఖాళీ గళ్లు నింపితే అంత మంచి గ్రేడ్, అంతే. 2020లో గోల్డెన్ స్టేట్‌కు రెండో పిక్‌తో జేమ్స్ వైజ్‌మన్‌ను ఇస్తే మెచ్చుకుంటుంది, సెంటర్ గడి నిండింది కాబట్టి. మెంఫిస్ యూనివర్సిటీ తరఫున మూడే మ్యాచ్‌లు ఆడిన కుర్రాణ్ణి కరీ, డ్రేమండ్ గ్రీన్ లాంటి వాళ్లున్న టీమ్‌లో పడేస్తే నేర్చుకునే టైమ్ ఎక్కడుంటుందని అది అడగదు. 2023లో అతన్ని డెట్రాయిట్‌కు పంపేశారు. విదేశీ ఆటగాళ్ల వివరాలు కూడా రెండో రౌండ్‌కు వచ్చేసరికి ఒకటి రెండు వాక్యాలకు మించవు. యోకిచ్ లాంటివాడు దొరికింది ఆ రౌండ్‌లోనే మరి.

వాడేవాళ్లకు నా సలహా: మొదటి పది పిక్‌ల వరకూ మీట ఎడమవైపే ఉంచండి. అక్కడ ఆటగాడికీ ఆటగాడికీ తేడా చాలా ఎక్కువ. ఇరవై దాటాక అందరూ ఇంచుమించు ఒకలాగే కనిపిస్తారు, అప్పుడు మెల్లగా కుడివైపుకు రండి. ప్రతి పిక్ ముందూ కాంట్రాక్ట్ పట్టిక తెరవండి. ఐదుకు మూడున్నర స్టార్లు ఇస్తాను. ‘పని’ కాలమ్ పెట్టమని వాళ్లకు మెయిల్ చేశాను. పెడితే ఇంకో స్టార్ ఇస్తాను. పెట్టకపోయినా ఆ పట్టిక కోసం వచ్చే డ్రాఫ్ట్ దాకా చందా కొనసాగిస్తాను.