బ్యానరు పాతది, డోలక్ లేదు

రెండేళ్ల కిందట నెల్లూరులో మా పెద్దమ్మాయి పెళ్లికి పాటకచ్చేరీ చేసిన ఆర్కెస్ట్రాను బంధువులందరూ మెచ్చుకున్నందువల్ల, మొన్న చిన్నమ్మాయి రిసెప్షన్‌కు కూడా వారినే పిలిచాము. బ్యానరు అదే, అయిదుగురిలో ఇద్దరు మాత్రం మారారు. గాయని, డోలక్ వాయించే పెద్దాయన మానేశారన్న సంగతి అడ్వాన్సు తీసుకున్నప్పుడు మాకు చెప్పకపోవడం నా మొదటి ఫిర్యాదు.

గొంతు మారడమే దోషమని నేను అనను. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ మరణించాక, ఆస్ట్రేలియా రాక్ బృందం ఏసీ/డీసీ బ్రయాన్ జాన్సన్‌ను తెచ్చుకుని, అదే ఏడాది జూలైలో విడుదల చేసిన ఆల్బమ్‌తో మునుపటికంటే పెద్ద పేరు సంపాదించింది. అయితే ఆ పాటల రచనలో కొత్త గాయకుడికీ భాగముంది. ఇక్కడ కొత్త గాయని చేత పాత గాయని శ్రుతిలోనే పాడించారు. పల్లవి హాయిగా సాగినా, చరణంలో పైస్థాయి వచ్చిన ప్రతిసారీ ఆమె మైకును జానెడు దూరం జరిపి ముఖం పక్కకు తిప్పుకోవడం ముందు వరుసలో ఉన్న నాకు కనిపిస్తూనే ఉంది. బాలుగారిని తమవాడిగా చెప్పుకునే ఈ ఊరివారికి అది వినిపించకుండా ఉంటుందా? నాలుగో పాట తరువాత కీబోర్డు అబ్బాయి తనంతట తానే శ్రుతిని ఒక మెట్టు దించాడు. ఆ తరువాతి పాటను మళ్లీ పాడమని వియ్యాలవారే చీటీ పంపారు.

డోలక్ లోటు మాత్రం చివరిదాకా తీరలేదు. గాయకుడు ఊపిరి తీసుకునే చోటును పెద్దాయన ఓరకంట కనిపెట్టి దరువును కొద్దిగా పట్టి ఉంచేవారు. ఇప్పుడు తెచ్చిన రిథమ్ ప్యాడ్‌లో నింపిన దరువు ఎవరికోసమూ ఆగదు. డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980 సెప్టెంబరులో మరణిస్తే బ్రిటన్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ మరొకరిని వెతకక డిసెంబరులో బృందాన్నే ముగించడం నాకు ఆ రాత్రి బాగా అర్థమైంది. ఢిల్లీకి చెందిన రాక్ బృందం ఇండియన్ ఓషన్‌లో తబలా వాయిస్తూ పాడిన అషీమ్ చక్రవర్తి 2009లో మరణించాక ఆయన స్థానంలోకి ఇద్దరు వచ్చారు: పాటకు ఒకరు, తబలాకు ఒకరు. మన ఆర్కెస్ట్రావారు ఒక మనిషిని తగ్గించి యంత్రం పెట్టారు, మా దగ్గర తీసుకున్న సొమ్ము మాత్రం తగ్గించలేదు.

సమయానికి వచ్చారు, స్పీకర్ల మోతా అదుపులోనే ఉంది. వచ్చే మాఘంలో మా అన్నయ్య కుమారుని పెళ్లికి కూడా వీరినే అడుగుతాము గాని, డోలక్‌కు మనిషిని తెస్తామంటేనే అడ్వాన్సు ఇస్తాము.