సీఎల్ఎల్ రిపోర్టులో ఏ గుర్తును నమ్మాలి? సీడీ38 మేలా, సీడీ49డీ మేలా?

గత వేసవిలో నరసన్నపేట వైపు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు శ్రీకాకుళంలోని మా ల్యాబుకు వచ్చారు. ఒంట్లో ఏ బాధా లేదు. శుక్లాల ఆపరేషనుకు ముందు చేయించిన రక్తపరీక్షలో తెల్లకణాలు 38,000 ఉన్నాయి. స్లైడు మీద రక్తాన్ని పలుచగా పూసి మైక్రోస్కోపు కింద చూశాను. ఒకే అచ్చులో పోసినట్టు చిన్న చిన్న లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు), వాటి మధ్య నలిగిన నేరేడు పండు మరకల్లాంటి స్మడ్జ్ కణాలు. కణాలు పెళుసుగా ఉంటే పూసేటప్పుడు అలా చితికిపోతాయి. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సరు, అంటే సీఎల్ఎల్ అనిపించింది. అనిపించినంత మాత్రాన రిపోర్టులో రాయలేం.

“డాక్టరు గారూ, విశాఖపట్నంలో ఇన్ని పరీక్షలు రాశారు. అన్నీ ఇప్పుడే చేయించాలా?” అని ఆయన కొడుకు చీటీ చూపించాడు. పంట డబ్బుతోనో పింఛనుతోనో వైద్యం చేయించుకునే ఇళ్లలో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి.

రోగ నిర్ధారణ విషయంలో నాకు సందేహం లేదు. మొదటి రూపాయి ఫ్లో సైటోమెట్రీకే పెట్టాలి. రంగు వెలుగులిచ్చే యాంటీబాడీలను కణాలకు అంటించి, ఒక్కో కణాన్నీ లేజరు కిరణం ముందు నుంచి పంపుతారు. కణం పైపొర మీద ఏ ప్రోటీన్లు ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. సీడీ అని అంకెతో రాసేవి ఆ ప్రోటీన్ల పేర్లే. బి, టి కణాలు లింఫోసైట్లలో రెండు రకాలు. సీడీ19 బి కణాల గుర్తు. సీడీ5 మామూలుగా టి కణాల మీద ఉంటుంది. సీఎల్ఎల్‌లో ఈ రెండూ ఒకే కణం మీద కనిపిస్తాయి. అయితే సీడీ5 ఒక్కదాన్ని నమ్మితే మోసపోతాం. మాంటిల్ సెల్ లింఫోమా అనే మరో బి కణాల క్యాన్సరులోనూ అది ఉంటుంది, ఆ జబ్బు దారి వేరు, మందులు వేరు. అందుకే సీడీ23, సీడీ200 ఉన్నాయా, ఎఫ్ఎమ్‌సీ7 అనే గుర్తు లేకుండా ఉందా, సీడీ79బీ, పైపొర మీది ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీ) మసకగా ఉన్నాయా అని కలిపి చూస్తారు. మాటూటిస్ స్కోరు పద్ధతిలో సీడీ200ను వదిలి, సీడీ5తో కలిపి అయిదు గుర్తులకు అయిదు మార్కులు. నాలుగో అయిదో వస్తే సీఎల్ఎల్ అని ధైర్యంగా చెప్పవచ్చు. మూడు వస్తే ఆగి ఆలోచించాలి. పైగా ఒకే కణం నుంచి పుట్టుకొచ్చిన బి కణాలు ఘన మిల్లీమీటరుకు 5,000కు తగ్గకుండా మూడు నెలలు నిలవాలి. మాస్టారికి అయిదుకు అయిదూ వచ్చాయి.

ఇక జబ్బు ఎంత వేగంగా ముదురుతుందన్న ప్రశ్న. ఇక్కడే సీడీ38, జాప్-70, సీడీ49డీ పోటీ పడతాయి. సీడీ38కి 1999 నుంచి పేరుంది. 30 శాతం కణాల మీద ఉంటే జబ్బు చురుకైనదని లెక్క. కానీ కాలం గడిచేకొద్దీ అది మారవచ్చు, ఆ గీత 30 దగ్గర గీయాలా, అంతకంటే కింద గీయాలా అన్న వాదన కూడా తెగలేదు. జాప్-70 అసలు పైపొర గుర్తే కాదు, కణం లోపల ఉంటుంది. కణానికి రంధ్రాలు చేసి యాంటీబాడీని లోపలికి పంపాలి. ఒక ల్యాబు అంకె మరో ల్యాబుతో కలవదు. అందుకే దానికి డబ్బు పెట్టమని నేను చెప్పను.

నా ఓటు సీడీ49డీకే. కణం ఎముక మజ్జలోనూ లింఫు గ్రంథుల్లోనూ అతుక్కుని ఉండటానికి అదే పట్టు. అలా అతుక్కున్నచోటే కణానికి బతికే బలం అందుతుంది. కాలంతో పెద్దగా మారదు, కొలవడమూ సులువే. మాస్టారి రిపోర్టులో సీడీ38 12 శాతం, సీడీ49డీ 64 శాతం. మొదటిది భయం లేదంటోంది, రెండోది జాగ్రత్త అంటోంది. నేను రెండోదాని మాటే విన్నాను.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. జబ్బు తీవ్రత లెక్కల్లో రక్తంలో కొలిచే బీటా-2 మైక్రోగ్లోబులిన్ అనే ప్రోటీనుకూ చోటుంది, లీటరుకు 3.5 మిల్లీగ్రాములు దాటితే చెడ్డ గుర్తు. దాన్ని ఒంట్లోంచి తొలగించేది మూత్రపిండాలు. కవిటి, సోంపేట, కంచిలి వంటి ఉద్దానం మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలుసు. అక్కడి మనిషికి ఆ అంకె పెరిగితే లుకేమియాను నిందించే ముందు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడండి. కణం మీది గుర్తుకు ఆ చిక్కు లేదు.

జన్యు పరీక్షలతో పోలిస్తే పైపొర గుర్తులు కిందిమెట్టే. ఐజీహెచ్‌వీ పరీక్ష, అంటే బి కణంలో యాంటీబాడీని తయారుచేసే జన్యువు మార్పు చెందిందా లేదా అని చూసేది, ఒక్కసారి చేయిస్తే చాలు, ఫలితం మారదు. క్యాన్సరును అదుపు చేసే టీపీ53 జన్యువులో లోపం, ఆ జన్యువు ఉండే 17వ క్రోమోజోము ముక్క (17పీ) ఊడిపోవడం మాత్రం తర్వాత పుట్టుకురావచ్చు. అది ఉంటే కీమోథెరపీ సరిగా పనిచేయదు, ఇబ్రుటినిబ్ తరహా మాత్రలవైపు వెళ్లాలి. కాబట్టి ఆ పరీక్ష మందు మొదలుపెట్టే ముందు తప్పనిసరి. నెలల ముందే చేయించి దాచుకుంటే అప్పటికి పాతబడిపోతుంది. లక్షణాలు లేని తొలిదశలో ముందే మందులు వాడితే ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. అందుకే ఆ పరీక్ష డబ్బు అప్పటిదాకా పక్కన పెట్టుకోమన్నాను.

నమూనా పంపే విషయంలో ఒక మాట. ఫ్లో సైటోమెట్రీ గొట్టాన్ని ఐసు మీద పెట్టకండి, ఎండలో నిలిచిన బస్సులో వదిలేయకండి. గది వేడిమిలోనే ఉంచి, 24 గంటల్లో విశాఖపట్నం చేర్చండి.

మాస్టారిని మూడు నెలలకోసారి రమ్మన్నాను. బరువు తగ్గినా, రాత్రిళ్లు చెమటలు పట్టినా, మెడలో గడ్డలు పెరిగినా ఆగకుండా రమ్మన్నాను. ఆయన చిన్న పుస్తకంలో తేదీలు రాసుకుంటూ ఒకచోట ఆగారు. “రథసప్తమికి అరసవల్లి వచ్చే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారండీ. ఆ వారం కాకుండా చూడండి” అన్నారు. ఆ తేదీని వారం ముందుకు జరిపాను.